సైరన్ జోల

నూకరాజు చేతిలో మొదట ఉన్నది పద్నాలుగు వేలు. ఆ డబ్బుతోనే నలభై గూళ్లు కుట్టించాడు.

గూడు అంటే బరువు తక్కువగా పుట్టిన బిడ్డను పడుకోబెట్టే మెత్తని సంచి. లోపల మైనం పొర, చిన్న బ్యాటరీ. కరెంటు పోయినా తల్లి ఒంటి వెచ్చదనాన్నే ఇస్తుంది. యుద్ధం మొదలయ్యాక రేవు పట్నంలో తల్లీబిడ్డల ఆరోగ్య కేంద్రం పాత రైలు సొరంగంలోకి మారింది. తల్లులు బయట షెడ్లలో సైన్యానికి రొట్టెలు ప్యాక్ చేసేవారు. సైరన్ మోగితేనే పని ఆగేది. అప్పుడే పరుగెత్తుకొచ్చి పాలిచ్చేవారు. ఆ కాసేపట్లో ఒక్క నిమిషం కూడా వృథా కాకూడదని నూకరాజు గూటికి ఒక చెవి, అంటే చిన్న మైకు, అమర్చాడు. సైరన్ వినగానే గూడు, ముందే రికార్డు చేసిన తల్లి గుండె చప్పుడు వినిపించి బిడ్డను లేపేది. తల్లి చేరేసరికి బిడ్డ నోరు తెరిచి ఉండేది. లెక్క కుదిరింది. బిడ్డలు ఒళ్లు చేశారు.

యుద్ధం ఆగింది. సముద్రం మీది పొగ విడిపోయింది. సొరంగంలోకి ఎండ మెల్లగా పాకి గూళ్ల మీద వాలింది. సైరన్ లేదు, గూట్లో గుండె చప్పుడూ లేదు. అంత నిశ్శబ్దం ఆ బిడ్డలకు కొత్త.

"బాబూ, నిన్నటి నుంచి నా పిల్ల రొమ్ము ముట్టట్లేదు" అంది పైడమ్మ.

"అందరిదీ ఇదే వరస" అంది నర్సు సుగుణ. "నీ పిల్ల ఎనభై గ్రాములు తగ్గింది."

"ఒక్కసారి సైరన్ మోగించండి" అంది పక్క గూటి తల్లి.

"నీ పిల్ల పాల కోసం ఊరంతా దాక్కునే గోతుల్లో దూకాలేటమ్మా?" అంది సుగుణ.

నూకరాజు ఫోన్‌లో సైరన్ వెతికాడు. పైడమ్మ అతని చెయ్యి పట్టేసుకుంది.

"వద్దు బాబూ. ఆ కూత వినే మా ఆయన నన్ను లోపలికి తోసి, తను జెట్టీ మీద ఉండిపోనాడు. ఇంక దాన్ని ఇననేను."

పిల్ల ఏడ్చే ఓపిక కూడా లేక మూలిగింది. పైడమ్మ దాన్ని గూటితో సహా ఒడిలోకి తీసుకుని కళ్లు మూసుకుంది. చాలా మెల్లగా, తనే సైరన్ కూత అందుకుంది. పైకి, కిందికి, మళ్లీ పైకి. గూట్లో గుండె కొట్టుకుంది. పిల్ల తల తిప్పి రొమ్ము అందుకుంది.

పక్క గూళ్ల తల్లులూ అందుకున్నారు. సొరంగం కల కంటున్నట్టు మూలిగింది. బయట చేపలమ్మే ఆవిడ తట్ట వదిలేసి లోపలికి దూకింది.

"ఓలమ్మో, మళ్లీ మొదలైందేటి!"

"లేదే, పిల్లల పాలవేళ!" అని నవ్వింది సుగుణ.

"ఈ కూతని రోజూ కొంచెం కిందికి దించితే నెలకి మామూలు జోల అయిపోద్ది" అన్నాడు నూకరాజు, వేళ్ల మీద లెక్కేస్తూ.

"నీ లెక్క తరవాత. ముందు అటు చూడు తమ్ముడూ" అంది సుగుణ.

చివరి గూట్లో బిడ్డ ఒంటరిగా ఉంది. ఆఖరి సైరన్‌కి దాని తల్లి రాలేదు. ఆమె గుండె చప్పుడు మాత్రం గూట్లో ఉంది.

నూకరాజు ఉగ్గుగిన్నెలో పాలు పోసుకుని, గొంతు సవరించుకుని, అటు నడిచాడు.