కుజుడికి కట్టిన నెట్

"రెండిటికీ కట్టేసినారా? ఎవరు కట్టమన్నారు?"

కృష్ణగిరి సైన్స్ ప్రదర్శనలో సౌందర్య అరిచినంత పని చేసింది. ఆమె డెంకణికోట బడిలో సైన్స్ టీచరు. ఈసారి బహుమతి రాకుంటే సైన్స్ క్లబ్బు మూసేస్తానని హెడ్మాస్టరు చెప్పేశాడు.

ఎదురుగా గోకుల్. తళిలో అతనికి గులాబీల గ్రీన్‌హౌస్ ఉంది. పోయిన నెల సౌందర్య ప్రదర్శన మోడల్ కోసం గాలిని ఆపే పాత నెట్ ముక్క ఒకటి అడిగితే, మోడల్ మొత్తం తానే చేసిస్తానన్నాడు.

బల్ల మీద రెండు బంతులు. నీలంది భూమి, ఎర్రది కుజుడు. వాటిమీద చల్లిన టాల్కం పౌడరే గాలిపొర. సూర్యుడి బదులు టేబుల్ ఫ్యాను. రెండు బంతుల ముందూ బిగించి కట్టిన నెట్!

"భూమికి మాత్రమే అని చెప్పినాను కదప్పా!"

"చెప్పినారు మేడం. చేతులు వినలేదు. గాలి కొట్టే తావులో నెట్ లేకుండా మేము నారు కూడా పెట్టము."

"కుజుడేమన్నా గులాబీనా?"

"ఎర్రగా ఉన్నాడు కదా."

ఆమె నవ్వును పెదవి కొరికి ఆపుకుంది. విప్పే టైం లేదు. జడ్జీలు ముగ్గురూ వచ్చేశారు.

సౌందర్య ఒక్క క్షణం ఆలోచించి, ఫ్యాను వేసింది.

"సూర్యుడి నుంచి విద్యుదావేశం ఉన్న కణాలు గాలిలా వీస్తుంటాయి సార్. భూమికి ఈ నెట్ లాగా అయస్కాంత కవచం అడ్డం. కుజుడికీ ఒకప్పుడు ఉండేది. చూడండి, రెండు చోట్లా పౌడరు కదలలేదు. కోట్ల ఏళ్ల కిందట కుజుడి కవచం పోయింది."

గోకుల్ వైపు చూసింది. అతనికి అర్థమైంది. కుజుడి నెట్‌ను ఒక్క లాగు లాగాడు.

ఎర్ర బంతి మీద పౌడరంతా లేచి పెద్ద జడ్జి మీసాల మీద వాలింది.

ఆయన మీసం తుడుచుకున్నాడు.

"ఇరవై ఏండ్లుగా పాఠం చెప్తాండా. కుజుడి గాలి యాడికి పోయిందో ఈ పొద్దే తెలిసిందమ్మా!"

మొదటి బహుమతి వాళ్లదే.

బయట సన్నని వాన. బస్టాండు దాకా ఒకే గొడుగు.

"మేడం, ఒకటి చెప్పాల. పాత నెట్ ఆ రోజే ఇచ్చుండొచ్చు. ఇస్తే మీరు తీసుకొని పోతారు. మోడల్ చేస్తానంటే నాలుగుసార్లు వస్తారని..."

"ఆరుసార్లు వచ్చినాను. రెండుసార్లు పనే లేదు."

గోకుల్ గొడుగు పట్టుకోవడం మరిచి తడిసిపోయాడు.

"ఆదివారం హోసూరుకు, మా ఇంటికి రండి. మా నాయనకు చూపించాల," అంది సౌందర్య.

"మోడల్‌నా?"

"మిమ్మల్ని."

"ఆయన ప్రశ్నలు అడిగితే?"

"మీరు ఊరికే నిలబడండి. వివరణ నేనిస్తాను."