వంకలరాణి దూరం

మొదటి రోజే నా ట్యూన్‌కి పదకొండు వంకలు పెట్టింది ఆ అమ్మాయి.

తను ఆ గేమ్ కంపెనీలో ప్రోగ్రామర్. నేను అప్పటిదాకా లిఫ్టుల్లో మోగే సంగీతం చేసి పొట్టపోసుకునేవాణ్ణి. కంపెనీ ఓనరు, అంటే తనకి స్వయానా బాబాయి, నాకు మూడు వారాలు గడువిచ్చాడు. ఆఖరి శుక్రవారం డెమో నచ్చితే గేమ్ మొత్తానికీ సంగీతం నాదే. నచ్చకపోతే రెడీమేడ్ ట్యూన్లు కొనేసుకుంటారు, నేను మళ్ళీ లిఫ్టుల దగ్గరికి పోవాలి.

"ఇది పాటలా మొదలై పాటలా అయిపోతోందండీ. ఆడేవాళ్ళు గేమ్‌లో ఈ వంతెన మీద పది నిమిషాలు నిలబడిపోతే అప్పుడేం మోగుతుంది?" అని అడిగింది.

"త్వరగా నడవమనండి" అన్నాను.

తను నవ్వలేదు. నవ్వు ఆపుకుంటే తన బుగ్గ మీద సొట్ట పడుతుందని మాత్రం తెలిసింది. మనసులోనే తనకి వంకలరాణి అని పేరు పెట్టేసి, ఆ సొట్టనే తలుచుకుంటూ ఇల్లు చేరాను. దారిలో నా వీధి దాటిపోయి వెనక్కి రావాల్సి వచ్చింది.

నా పాత సాఫ్ట్‌వేర్ ఈ పనికి చాలదని, మర్నాడు తనే మూడు కొత్తవి నా ముందు పెట్టింది. మొదటిదాంట్లో రెండు వేల వాయిద్యాలున్నాయట. తెరవగానే నా కంప్యూటర్ మూలిగి పడుకుంది. రెండోది ఉచితం, పైగా అరగంటలో వాడటం వచ్చేసింది. మూడోదాంట్లో సంగీతాన్ని పొరలు పొరలుగా పేర్చి, ఒక్కో పొరనీ ఆటలోని ఒక్కో లెక్కకి ముడిపెట్టాలి. హీరో శత్రువుకి దగ్గరైతే డ్రమ్స్ పెరగాలి, దూరమైతే తగ్గాలి. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. అర్థమయ్యేదాకా పక్కన కూర్చుని నేర్పుతానంది.

మూడోదే మనకి సరైనదని చాలా గంభీరంగా ప్రకటించాను.

మూడు రోజుల్లో అంతా అర్థమైంది. అర్థమైందని ఒప్పుకోవడానికి మరో పది రోజులు పట్టింది.

డెమో కోసం వంతెన సన్నివేశం చేశాను. హీరో హీరోయిన్ వైపు నడుస్తుంటే వయొలిన్లు పెరుగుతాయి. ప్రతి లెక్కకీ, ప్రతి పొరకీ ఏదో ఒక పేరివ్వమంటుంది ఆ సాఫ్ట్‌వేర్. ఎవరు చూస్తారులే అని వాళ్ళిద్దరి మధ్య దూరానికి 'వంకలరాణి దూరం' అనీ, వయొలిన్లకి 'నా గుండెదడ' అనీ పెట్టుకున్నాను. డెమోకి ముందు మార్చేద్దామనుకున్నాను. మర్చిపోయాను.

శుక్రవారం బయట వాన. ఓనరు గొడుగు మూలన పెట్టి, కంట్రోలర్ అందుకున్నాడు. తప్పులు దొరకబట్టే అలవాటు కొద్దీ తను లెక్కలన్నీ కనిపించే టెస్ట్ స్క్రీన్ ఆన్ చేసింది. గోడంత టీవీ మీద, మూలన, అక్షరాలు వెలిగాయి.

వంకలరాణి దూరం: పన్నెండు అడుగులు. నా గుండెదడ: ముప్ఫై.

హీరో నడుస్తున్నాడు. ఎనిమిది అడుగులు, యాభై. నాలుగు అడుగులు, ఎనభై. వయొలిన్లు హోరెత్తిపోయాయి. తను తెర వైపు చూసింది, తర్వాత నా వైపు చూసింది. బుగ్గ మీద సొట్ట లేదు.

ఓనరు వంతెన మధ్యలో ఆగిపోయాడు. "ఎవరయ్యా ఈ వంకలరాణి?"

ఒక మంచి అబద్ధం కోసం బుర్రంతా వెతికాను. దొరకలేదు. "మీ అన్నయ్యగారి అమ్మాయండీ" అనేశాను.

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. "ఇంట్లో మేమంతా దీన్ని ఇంచుమించు అలాగే పిలుస్తాం" అన్నాడు చివరికి.

సంగీతం ఖాయమన్నాడు. రెండో సంగతి తన చేతుల్లో లేదనీ, అమ్మాయినే అడుక్కోమనీ, అది సరేనంటే అన్నయ్యతో తను మాట్లాడతాననీ చెప్పి బయటికి నడిచాడు. తలుపు మాత్రం బార్లా తెరిచే ఉంచాడు.

తను మళ్ళీ తెర వైపు తిరిగింది.

"ఇందులో పన్నెండో తప్పుంది" అంది.

నా ప్రాణం పోయినంత పనైంది.

"దూరం ఇద్దరి మధ్య కదండీ ఉండేది. ఒక్కరి గుండెదడే పెట్టారేం?"

కీబోర్డు లాక్కుని, వేణువుతో కొత్త పొర ఒకటి చేర్చి, 'వంకలరాణి గుండెదడ' అని పేరు కొట్టింది. కంట్రోలర్ నా చేతిలో పెట్టి నడవమంది. మిగిలిన నాలుగు అడుగులూ నడిచాను. వయొలినూ వేణువూ కలిసి మోగాయి. అప్పుడు పడింది సొట్ట.

ఆ వంతెన మీద పది నిమిషాలు నిలబడ్డాం. ట్యూన్ అయిపోలేదు.