అడుగు పడని చోటు

తన్విత ఆ ఉదయం కూడా చెప్పులు విడిచి, పెరట్లో జామచెట్టు పక్కన చాపంత నేల మీద అటూ ఇటూ నడుస్తోంది. నాలుగడుగులు వేయడం, వంగి నేలను తాకి వేళ్ళు కళ్ళకద్దుకోవడం, మళ్ళీ నాలుగడుగులు. యాభై ఎనిమిదేళ్ళ మనిషి, మోకాళ్ళు పట్టేస్తున్నా ఆగదు. అది ముప్పై ఆరో రోజు. ఇంకా నాలుగు రోజులు నడవాలి.

కాకినాడలో ఖాళీ పెరడు అనే మాట చెల్లకుండా పోయి అప్పటికి పదేళ్ళు. సముద్రం ఊళ్ళోకి జరిగాక, ఉన్న ఇళ్ళ మధ్యనే కొత్త ఇళ్ళు కట్టాలని శాసనం చేశారు. వాటికి నడిమిళ్ళని పేరు. నమూనా గీసేది మనిషి కాదు, నేలచెవి. గింజల్లాంటి పరికరాలను పెరడంతా చల్లి పాతేస్తారు. ఎవరు ఎక్కడ అడుగేశారో అవి నలభై రోజులు వింటాయి. అడుగు పడని చోటు బీడు, అక్కడ పునాది వస్తుంది. అడుగు పడే చోటు వాడుక నేల, దాని మీద గోడ లేవదు. ఎవరి అలవాటూ చెడకూడదన్నది దాని ధర్మం. ఎంత బుద్ధిమంతురాలో చూడండి!

మొదటి నమూనాలో పునాది సరిగ్గా ఈ చాపంత నేల మీదే పడింది. పడదూ మరి! ఇరవై రెండేళ్ళుగా ఆ ఇంట్లో ఎవరూ దాని మీద కాలు పెట్టలేదు. బట్టలు ఆరేయడానికి వెళ్ళినా చుట్టూ తిరిగే వెళ్ళేవారు. పెద్ద తుఫాను నాడు, శ్మశానం నీళ్ళలో మునిగి ఉంటే, తన్వితకి పుట్టి ఒక్క పూటే బతికిన కూతుర్ని అక్కడే పాతిపెట్టారు. పేరైనా పెట్టలేదు. ఆ తర్వాత ఎవరూ నోరెత్తలేదు, కాలు మాత్రం తప్పించుకున్నారు. ఆ మర్యాదనే నేలచెవి బీడని రాసుకుంది.

గొయ్యి తవ్వింది మరిది నిరుపమ్. తన్విత భర్త పోయాక పెరటిలో సగం అతనికొచ్చింది. నడిమిల్లు కట్టుకునేదీ అతనే.

"అక్కడేముందో నీకు తెలుసు కదయ్యా," అని నమూనా వచ్చిన రోజే తన్విత అడిగింది.

"తెలుసు వదినా, నేనే కదా తవ్వింది," అన్నాడతను టీ ఊదుకుంటూ. "కావాలంటే నమూనాల ఆఫీసులో చెప్పు. వాళ్ళొచ్చి తవ్వి తీసేసి, ఏ డబ్బాలోనో పెట్టి నీ చేతికిస్తారు. చట్టం అదే. చెప్పమంటావా?"

ఆమె తల అడ్డంగా ఊపింది.

"ఇన్నేళ్ళయ్యాక ఇంకేం మిగిలుంటుందిలే వదినా. అంతా మట్టే."

పాపిష్టి మాట! అదే నోటితో ఇంకో రెండు బిస్కెట్లు అడిగి తిన్నాడు.

తన్విత ఇక మరువినికిడి కోరింది, అంటే నేలచెవి ఇంకో నలభై రోజులు కొత్తగా వినాలి. ఇంటివాళ్ళకి ఆ హక్కు ఒక్కసారే ఉంటుంది. పునాది తప్పాలంటే అక్కడ అడుగులు పడాలి, ఆ అడుగులు తనే వేయాలి. మొదటి రోజు కాలెత్తి చాలాసేపు అలాగే నిలబడింది. "తల్లీ, అమ్మనే... ఏమనుకోకమ్మా," అని మెల్లగా మోపింది. ఆ పూట అన్నం ముట్టలేదు. వంగి కళ్ళకద్దుకున్నది నేలచెవికి వినబడదు, అడుగే వినబడుతుంది. రోజులు గడిచేకొద్దీ గడ్డి పోయి నేల నున్నబడింది. ఒకరోజు కూరేం వండాలా అని ఆలోచిస్తూ నడుస్తున్నానని గ్రహించి, తన్విత తన చెంపలు తనే వాయించుకుంది.

నలభై ఒకటో రోజున నమూనాధికారి యామిని వచ్చింది. నవ్వుముఖం పిల్ల.

"శుభవార్త ఆంటీ! పునాది చెట్టు అవతలికి జరిగిపోయింది. ఈ చోటు మీద గోడ రాదు."

తన్విత బావిగట్టు మీద కూలబడి భోరున ఏడ్చింది. "నూరేళ్ళు చల్లగా ఉండు తల్లీ!"

"అయ్యో, ఈ దారంటే అంత ఇష్టమా ఆంటీ! నేలచెవి కూడా అదే పట్టేసింది. జిల్లాలో ఇంత నడక ఏ పెరట్లోనూ లేదంట. అందుకని రెండిళ్ళకీ ఇదే బాటగా ఖాయం చేసేసింది. రాళ్ళు పరిచేస్తారు. రోడ్డు మీంచి ఎవరొచ్చినా ఇక ఇటే రావాలి."

"వద్దమ్మా! మార్చెయ్యి."

"ఇంక మార్చడానికి లేదాంటీ. మీ హక్కు వాడేశారు కదా."

నాలుగు నెలలకి నిరుపమ్ గృహప్రవేశం చేశాడు. ముందు ఆవు నడిచింది, వెనక చుట్టాలు నడిచారు, పిల్లలు రాళ్ళ మీద గెంతారు. పళ్ళెం నిండా కొబ్బరికాయలూ పళ్ళూ పెట్టుకుని తన్విత మాత్రం పక్కన బురదలోంచి చుట్టూ తిరిగి వస్తోంది.

"అదేంటాంటీ, అలా వస్తున్నారు?" పిలుపందుకుని వచ్చిన యామిని నవ్వింది. "మీరేసిన దారే కదా ఇది!"

"వదినకి కాస్త చాదస్తంలే," అన్నాడు నిరుపమ్, సరిగ్గా ఆ రాళ్ళ మధ్యన నిలబడి.

బురదలో జారిపోతుందేమోనని యామిని ప్రేమగా ఆమె మోచెయ్యి పట్టుకుని బాట మీదికి లాగింది. తన్విత రెండు పాదాలూ రాళ్ళ మీద పడ్డాయి. చేతుల్లో నిండు పళ్ళెం ఉంది. వంగి కళ్ళకద్దుకోవడానికి లేకపోయింది.