సేవలు వద్దన్న పెళ్ళికొడుకు

అమెరికాలోని డులూత్‌లో సరస్సు ఒడ్డున ఉన్న హోటల్లో, ఉచితంగా చేపల భోజనం పెడతామని ఒక ఇన్సూరెన్స్ కంపెనీ పిలిస్తే యాభై దాటినవాళ్ళు చాలామందే వచ్చారు. చేపల కోసమే వచ్చానని పైకి ఒప్పుకున్నది మాత్రం వెర్న్ హౌగెన్ ఒక్కడే.

వెర్న్ పడవల ఇంజన్లు బాగుచేస్తాడు. విడాకులు తీసుకుని చాలాకాలమైంది. పెద్ద మాటకారి. మంచాన పడితే ఇంటికి మనిషిని పెట్టే ఖర్చు, వృద్ధాశ్రమం ఖర్చు కంపెనీయే భరిస్తుందని ఏజెంటు చెబుతుంటే మధ్యలో అడ్డుపడ్డాడు.

"ఇన్నేళ్ళూ కట్టి, నేను ఆరోగ్యంగా చచ్చిపోతే ఆ డబ్బంతా గంగపాలేగా? దానికంటే పడవ కొనుక్కోవడం మేలు."

హాలంతా నవ్వింది. పక్క కుర్చీలో ఆవిడ మాత్రం నవ్వలేదు.

"ఇంటికి ఇన్సూరెన్స్ కట్టి, అది తగలబడలేదని ఏటా ఏడుస్తారా మీరు?" అంది, చేపలో ముల్లు తీస్తూ. "రేపు మీకు స్నానం చేయించేది ఆ పడవ కాదు. ఎవరో ఒక ఆడమనిషి."

వెర్న్ కుర్చీ ఆమె వైపు తిప్పుకుని పేరడిగాడు.

ఆమె పేరు మారిట్ కోస్కెలా, స్కూల్లో సంగీతం టీచరు. బయట కుండపోతగా వాన పడుతుంటే ఇంటిదగ్గర దింపుతానన్నాడు వెర్న్. తీరా చూస్తే అతని ట్రక్కులో వైపర్లు పనిచెయ్యడం లేదు. మెకానిక్ బండికే మెకానిక్ దొరకలేదా అని ఆమె ఏడిపించింది. వాన వెలిసేదాకా ఇద్దరూ అందులోనే కూర్చున్నారు. మతిపోయిన తల్లిని చనిపోయేదాకా తానొక్కతే చూసుకున్న సంగతి ఆమె అప్పుడే చెప్పింది.

ఆ వేసవంతా కలిసి తిరిగారు. ఆకులు రాలే కాలంలో, ఆమె ఇంటి మెట్ల మీద, పెళ్ళి చేసుకుందామా అని అడిగాడు వెర్న్.

మారిట్ అతని చెయ్యి పట్టుకుంది. "నువ్వంటే నాకు ప్రాణం. కానీ కాదు, వెర్న్. నువ్వు పడిపోతే నిన్ను ఎత్తాల్సింది నేనే. ఎత్తుతాను కూడా, అదే నా భయం. మళ్ళీ అలా బతకలేను."

"నేను గుర్రంలా ఉన్నానుగా."

"మా అమ్మా అలాగే ఉండేది."

ఇంత లెక్క చూసేది ప్రేమేనా అని వెర్న్ మండిపడుతూ వెళ్ళిపోయాడు. రెండు వారాలు ఫోను చెయ్యలేదు. షెడ్డులో ఒంటరిగా పనిచేసుకుంటుంటే తన తల్లి గుర్తొచ్చింది. పక్షవాతంతో పడిపోయిన తండ్రికి ఆమె ఏళ్ళతరబడి అన్నం తినిపించింది. నీకు కష్టంగా ఉందా అని ఇంట్లో ఒక్కరూ ఆమెను అడగలేదు. తనూ అడగలేదు. మారిట్‌ది పిసినారి ప్రేమ కాదని, తన కుటుంబంలో ఎవరూ పైకి చెప్పలేకపోయిన నిజమని అతనికి అప్పుడు అర్థమైంది.

సిగ్గు విడిచి ఏజెంటుకు ఫోను చేశాడు. డాక్టరు పరీక్షలయ్యాయి. ఫోనులో జ్ఞాపకశక్తి పరీక్ష కూడా పెట్టారు. వాళ్ళు చెప్పిన మాటలను కాసేపాగి తిరిగి అప్పజెప్పాలి. బళ్ళో కూడా అంత చెమట పట్టలేదు అతనికి. కంపెనీ సరేనంది. ఏటా కట్టే సొమ్ము భారమే. పడవ ఆలోచన మానుకున్నాడు.

మొదటి మంచు కురిసిన రోజు మారిట్ తలుపు తట్టాడు.

"ఇన్సూరెన్స్ తీసుకున్నాను. నేను పడిపోతే ఎత్తేవాళ్ళు జీతానికి వస్తారు. నీ చేత సేవలు చేయించుకోను, మారిట్. నాకు భార్య కావాలి, నర్సు కాదు."

ఆమె తలుపు పట్టుకుని నిలబడిపోయింది. కళ్ళు నిండాయి.

"నా ఇన్సూరెన్స్ ఆ చేపల భోజనం మర్నాడే తీసుకున్నాను," అంది మెల్లగా. "నన్నూ నువ్వు ఎత్తక్కర్లేదు."

"అయితే నేను మంచాన పడ్డ రోజున నువ్వేం చేస్తావ్?"

"పక్కన కూర్చుని తిడతాను. దానికి ఏ కంపెనీ డబ్బివ్వదు."

"అది చాలు నాకు," అన్నాడు వెర్న్. మంచులోనే ఆమెను అమాంతం పైకెత్తేశాడు. నడుం పట్టేస్తుంది దించమని ఆమె మొత్తుకుంటున్నా, నవ్వుతూ గిర్రున తిప్పాడు.