ఎవారిస్తో మోకాలు, ఎర్మిందా చేతులు

పొయ్యి మీద బెల్లం నీళ్ళు మరిగాయి. ఎర్మిందా గ్లాసులో ఇంత చీజ్ ముక్క వేసి, మీద ఆ నీళ్ళు పోసి మనవరాలి ముందు పెట్టింది.

"తాగు పిల్లా. ఇవాళ గురువారం. ఖాళీ కడుపుతో మీ టీచరమ్మ మొహం చూస్తే కళ్ళు తిరిగి పడతావు."

"ఆవిడేం రాక్షసి కాదు అమ్మమ్మా."

"నవ్వని మనిషిని నేను నమ్మను," అంది ఎర్మిందా.

కూతురు ఒఫేలియా బంగాళాదుంపల బస్తా మూతి కుడుతూ నవ్వింది. "నాలుగేళ్ళు తున్హా పట్నంలో చదివి మళ్ళీ కాళ్ళూ చేతులే పట్టుకుంటోంది. ఈ పొయ్యి దగ్గర కూర్చుంటే మా అమ్మే ఊరికే నేర్పేది కదే!"

ఆ మాటలో అబద్ధం లేదు. ఆ కొండ ఊళ్ళో ఎర్మిందా పేరు మోసిన సోబందేరా, చేత్తో రుద్ది బాగు చేసే మనిషి. మడమ బెణికినా, మెడ పట్టినా, భుజం జారినా నలభై ఏళ్ళుగా జనం ఆమె గుమ్మమే తొక్కుతున్నారు. సదాపాకు నానేసిన సారా, గొర్రె కొవ్వు కలిపి రుద్దిందంటే ఎంతటి మగాడైనా ముందు అరిచి తర్వాత దణ్ణం పెట్టేవాడు.

మనవరాలు నిదియాది ఫిజియోథెరపీ చివరి ఏడాది. నాలుగు నెలలు ఏదో ఒక ఊరి ఆరోగ్య కేంద్రంలో రోగులకు వైద్యం చేయాలి. ఇర్మా టీచర్ ప్రతి గురువారం బస్సులో వచ్చి, మూల కుర్చీలో కూర్చుని, పిల్ల చేసే పనీ రాసే కాగితాలూ చూసి సంతకం పెడుతుంది. ఆ సంతకాలన్నీ పడితేనే పట్టా. ఇంటి తిండి తినొచ్చని నిదియా సొంత ఊరే కోరి వేయించుకుంది. అక్కడే వచ్చింది తంటా.

ఆ రోజు మొదటి రోగి డాన్ ఎవారిస్తో. అరవై ఎనిమిదేళ్ళు. రెండు నెలల కిందట తున్హాలో మోకాలి కీలు మార్పించుకున్నాడు. తేహో ఆటలో ఆయన ఇనప బిళ్ళ విసిరితే బంకమట్టిలో గుచ్చిన తుపాకి మందు పొట్లం ఢామ్మని పేలాల్సిందే. జూన్ పోటీలకు బరిలో దిగకపోతే తాను చచ్చినట్టే లెక్కని ఆయన ఊరంతా చెప్పుకుంటున్నాడు.

"వంచండి తాతా. ఇంకొంచెం."

"ఇంకొంచెం అంటే నా ప్రాణమే వంగుతుంది తల్లీ!"

నిదియా మోకాలి వంపు కొలిచింది. రెండు వారాల కిందట ఎనభై ఎనిమిది డిగ్రీలు వంగిన కాలు పోయిన వారం ఎనభైకి దిగింది. ఇవాళ డెబ్భై నాలుగు. మోకాలు బన్నులా ఉబ్బి, చర్మం కింద నీలంగా కమిలింది.

ఇర్మా టీచర్ కలం మూత పెట్టేసింది. "ఈ కాగితంలో రాయనిదేదో ఈ కాలికి జరుగుతోంది. నువ్వు మొరటుగా వంచుతున్నావా?"

"లేదు మేడమ్."

"అయితే ఎవరు? వచ్చే గురువారానికి కారణం చెప్పు. చెప్పలేకపోతే నేను సంతకం పెట్టను. వచ్చే ఏడాది మళ్ళీ మొదటి రోజు నుంచి చేసుకోవాలి."

నిదియా తల వంచుకుని మోకాలికి కట్టు చుట్టబోయింది. అప్పుడు తగిలింది వాసన. సదాపాకు, సారా, గొర్రె కొవ్వు. పుట్టినప్పటి నుంచీ దుప్పట్లలోనూ దిండ్లలోనూ పీల్చిన వాసన. ఎవారిస్తో కళ్ళు కిటికీ వైపు తిప్పేశాడు.

మధ్యాహ్నం ఇంట్లోకి అడుగు పెడుతూనే అరిచింది.

"ఎన్నిసార్లు రుద్దావు అమ్మమ్మా?"

ఎర్మిందా బంగాళాదుంప చెక్కు తీయడం ఆపలేదు. "దేన్ని?"

"ఎవారిస్తో తాత మోకాలిని!"

"ఆరుసార్లో ఏడుసార్లో. ఎవరు లెక్కపెట్టారు?"

"లోపల ఇనుముంది! కోసి కుట్టిన కాలు! దాన్ని నువ్వు బెణికిన మడమలా పిసికితే వాచదా?"

కత్తి బల్ల మీద పడింది. "అంగడిలో నిలబడి వాడేమన్నాడో తెలుసా? 'ఆ పిల్ల ముట్టుకోదు, కొలుస్తుంది, రాసుకుంటుంది, అంతే' అన్నాడు. అందరూ నవ్వారు. నా మనవరాలి మీద! సరే, మిగిలిన పని నేను కానిస్తే వాడు లేచి నడుస్తాడు, పేరు నీకొస్తుంది అనుకున్నాను. వాడి దగ్గర నేను గుడ్డు కూడా పుచ్చుకోలేదు."

"నన్ను గెలిపించాలని నా కొంప ముంచావు! ఇప్పుడు సంతకం పెట్టనంటోంది."

ఎర్మిందా చెక్కు తీసిన దుంపనే మళ్ళీ తీసుకుని మళ్ళీ చెక్కడం మొదలెట్టింది.

ఒఫేలియా ఇద్దరి మధ్యా నిలబడింది. "ఇంట్లో జరిగింది బయటికెందుకు? ఆవు తన్నిందని ఎవారిస్తోని చెప్పమందాం. ఆవు వచ్చి సాక్ష్యం చెబుతుందా?"

నిదియా వద్దనలేదు. నిజం చెబితే టీచర్ ఏమనుకుంటుంది? రోగిని తనే ఇంటికి పంపించి రుద్దించిందనుకోదూ? వారమంతా ఆమె సరిగా అన్నం తినలేదు. ఎర్మిందా గుమ్మానికి గొళ్ళెం వేసి, వచ్చినవాళ్ళని వచ్చినట్టే పంపేసింది.

గురువారం వచ్చింది. వాపు కొంత తగ్గింది. ఎవారిస్తో గొంతు సవరించుకుని బడిపిల్లాడిలా అప్పజెప్పాడు.

"ఆవు తన్నింది మేడమ్."

"అయ్యో. ఏ కాలితో?"

"నా కాలా, ఆవు కాలా?"

"ఆవుది."

ముసలాయన గోడ వైపు చూశాడు, పైకప్పు వైపు చూశాడు. "ముందు కాలితో."

ఇర్మా టీచర్ కళ్ళజోడు తీసింది. "మా నాన్నకి పదకొండు ఆవులుండేవి. పితికీ పితికీ నా వేళ్ళు కాయలు కాశాయి. ముందు కాలితో తన్నే ఆవుని నాకోసారి చూపించండి డాన్ ఎవారిస్తో, తున్హా నుంచి జనాన్ని తీసుకొస్తాను."

నిదియాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. "ఆవు లేదు మేడమ్. మా అమ్మమ్మ రుద్దింది. నాకు పోయిన గురువారమే తెలిసింది. తెలిసీ వారం దాచాను. ఆమె తప్పు తెలియక చేసింది. నాది తెలిసి చేసిన తప్పు."

బయట బల్ల కిర్రుమంది. ఉన్ని దుప్పటిలాంటి రువానా భుజాన సర్దుకుంటూ ఎర్మిందా లోపలికొచ్చింది. పొద్దున్నుంచీ అక్కడే కూర్చుందట.

"శిక్ష వేస్తే నాకు వెయ్యండి. పిల్ల ఏడు వారాలు పొద్దున్నే ఇస్త్రీ బట్టలేసుకుని వచ్చింది. దాన్ని మళ్ళీ మొదట్నుంచీ చెయ్యమనకండి," అంది.

ఇర్మా టీచర్ ఆమెకు కుర్చీ జరిపింది. "ఎలా రుద్దారో నా చేతి మీద చూపించండి."

ఎర్మిందా చూపించింది. టీచర్ పళ్ళు బిగబట్టింది. "మంచి చేతులమ్మా. పట్టేసిన మెడకైతే నేనే వస్తాను. కానీ కొత్త కీలు మీద ఈ బలం పడితే అది ఎదురు తిరుగుతుంది. దాన్ని వంచాల్సింది మీరు కాదు, నిదియా కూడా కాదు. ఆయనే, మెల్లగా, రోజూ."

"మరి ఈ పిల్ల చేసేదేమిటి?"

"ఆయన చేత చేయించడం. అన్నిటికంటే కష్టం అదే."

తర్వాత నిదియా వైపు తిరిగింది. "ఈ వారం సంతకం లేదు. దాచినందుకు. మూడు వారాలు ఎక్కువ పని చెయ్యి, అప్పుడు చూద్దాం. ఇక డోన్యా ఎర్మిందా, మీకూ పని ఉంది. సాయంత్రాలు ఆయన మీ ఇంటికొచ్చి కాలు వంచుతాడు. మీరు లెక్కపెట్టాలి, బద్ధకిస్తే తిట్టాలి. చేతులు మాత్రం ఒళ్ళోంచి కదలకూడదు."

"తిట్టడమా? అది నాకు వదిలెయ్యండి," అంది ఎర్మిందా.

ఆ మూడు వారాలూ ఆ వంటింట్లో రోజూ తిరనాళ్ళే. "పదకొండు! పన్నెండు! ఇదా వంచడం? మా కోడిపెట్ట నీకంటే నయం!" అని ఆమె, "ఒక్కసారి రుద్దవే తల్లీ, నీకు పుణ్యముంటుంది!" అని ఆయన. ఆమె వేళ్ళు చీమలు కుట్టినట్టు గిలగిల్లాడేవి. ఒకనాడు ఆగలేక రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని వాటి మీదే కూర్చుంది. గుమ్మంలోంచి నిదియా చూసింది. ఊళ్ళో సగం కాళ్ళు నిలబెట్టిన చేతులు తన కోసం అలా కట్టుబడి ఉన్నాయని అప్పుడు తెలిసింది. తను అరిచిన అరుపులు గుర్తొచ్చి, చప్పుడు కాకుండా వంట గుడ్డతో మొహం తుడుచుకుంటున్న అమ్మ పక్కకి వెళ్ళి నిలబడింది.

నాలుగో గురువారం మోకాలు తొంభై ఆరు వంగింది. ఇర్మా టీచర్ సంతకం పెట్టి, ఆఖరికి నవ్వింది కూడా.

నిదియా ఇంటికి పరిగెత్తుకొచ్చింది. "తొంభై ఆరు అమ్మమ్మా!"

"నేను ముట్టుకోలేదు," అంది ఎర్మిందా. కళ్ళు నిండాయి. "ఒక్కసారి కూడా ముట్టుకోలేదు తల్లీ."

"అందుకే వంగింది."

ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని ఏడుస్తూ నవ్వుతుంటే తలుపు దబదబా మోగింది. దుంపల లారీ మూటలు మోసే రోసెందో ఒంటికాలి మీద గెంతుతూ లోపలికొచ్చి పడ్డాడు. మడమ గుమ్మడికాయలా ఉంది.

"ఎర్మిందమ్మా, కొంచెం రుద్దండి!"

ఎర్మిందా చేతులు లేచాయి, మళ్ళీ ఒళ్ళోకి దిగాయి. "విరిగిందో బెణికిందో నాకేం తెలుసు? ముందు మా మనవరాలు చూడాలి."

నిదియా కూడా చేతులు వెనక్కి కట్టుకుంది. "కేంద్రం బయట మా టీచర్ లేకుండా నేను ముట్టుకోకూడదు."

రోసెందో ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "ఇంట్లో ఇద్దరు వైద్యులుండి ఒక్కరూ ముట్టుకోరా! ఇదేం ఇల్లమ్మా!"

ఒఫేలియా బస్తా మీద కూలబడి పడీ పడీ నవ్వింది. అమ్మమ్మ ఒక పక్క, మనవరాలు ఒక పక్క భుజం పట్టి, వాణ్ణి గెంతిస్తూ ఆరోగ్య కేంద్రానికి నడిపించారు. టీచరమ్మ బస్సు ఇంకా బయల్దేరలేదు.