బరువు కాలమ్‌లో ఖాళీ గడి

డ్రాయింగులు సరిచూసే చెకర్‌ని ఆఫీసు లిఫ్టులోనే కాల్చి చంపేశారు. ఆయన జేబులో నలిగిపోయిన లైట్ల జాబితా ఒకటి దొరికింది.

"పాపం, మన మనిషి కాదు. తన పనేదో తను చేసుకునేవాడు," అన్నాడు తాతయ్య ట్రాన్స్‌మిటర్‌లో. గూఢచారి డిపార్ట్‌మెంట్ చీఫ్‌ని అందరూ అలాగే పిలుస్తారు. "ఆ జాబితాలో ఏదో కనిపెట్టాడు. పదకొండులోపు అదేంటో తేల్చు."

ఏజెంట్ పెన్సిల్ ఆ ట్రాన్స్‌మిటర్ దాగున్న కాలిక్యులేటర్‌ని టేబుల్ మీద పెట్టాడు. నెల రోజులుగా అతను భవనాలు డిజైన్ చేసే ఆ ఆఫీసులో డ్రాఫ్ట్స్‌మన్ వేషంలో ఉన్నాడు. ఇప్పుడు టైము పది యాభై. వాళ్ళ ఆఫీసు డిజైన్ చేసిన కొత్త భవనంలో పదకొండింటికి శాంతి చర్చలు. అక్కడ దుబాసీ అతని సొంత అక్క. తమ్ముడు గీతలు గీసుకుని బతుకుతున్నాడనే ఆవిడ నమ్మకం.

ఖరీదైన సెంటు వాసనతో లైటింగ్ కన్సల్టెంట్ లోపలికొచ్చింది. అటు విదేశీ ముఠా దగ్గరా, ఇటు తాతయ్య దగ్గరా జీతం తీసుకునే అందగత్తె. ఇవాళ మాత్రం ఆమె ముఖంలో నెత్తురు చుక్క లేదు. ముఠా ఒక సీలింగ్ లైట్‌లో బాంబు పెట్టిందనీ, పదకొండింటికి లైట్లు వెలగగానే పేలుతుందనీ చెప్పింది. జనాన్ని కదిలిస్తే ముఠా మనిషి రిమోట్‌తో ముందే వెలిగించేస్తాడు. మెయిన్ ఆపితే జనరేటర్ అందుకుంటుంది.

"ఏ గదిలో?"

"నాకు చెప్పలేదు. మొత్తం తొంభై ఆరు లైట్లున్నాయి."

కంప్యూటర్‌లో ఆ భవనం మోడల్ తెరుచుకోవడానికే ఆరు నిమిషాలు తినేసింది. అందులోని లైట్ల జాబితాలో ఒకే రకం లైట్లన్నీ ఒక్క వరసలో కుదించి ఉన్నాయి: సీలింగ్ లైట్, 96. పక్కన బరువు గడి ఖాళీ.

పెన్సిల్‌కి అప్పుడు గుర్తొచ్చింది. మొన్న చెకర్ ఆ ఖాళీ చూపించి ఇదేంటని అడిగాడు. ఎవరో నింపడం మర్చిపోయారనుకుని, ప్రింట్ మీద పెన్నుతో నాలుగు కిలోలని రాసిచ్చింది తనే. ఆ ఆఫీసులో అందరూ చేసేది అదే. కానీ కుదించిన వరసలో అన్నీ ఒకేలా ఉంటేనే ఆ సాఫ్ట్‌వేర్ అంకె చూపిస్తుంది. ఒక్కటి తేడాగా ఉన్నా గడి ఖాళీగా వదిలేస్తుంది. చెకర్‌కి ఆ సంగతి తట్టింది, అందుకే ప్రాణం పోయింది.

విడివిడిగా చూపించమని టిక్ పెట్టాడు. తొంభై ఆరు వరసలు బిలబిలా బయటికొచ్చాయి. నాలుగు, నాలుగు, నాలుగు. ఒకచోట తొమ్మిది. బాంబు మోయడానికి ఫ్యాక్టరీ నుంచి గట్టి హుక్ రావాలంటే, ముఠా ఆ బరువు ఎక్కడో ఒకచోట రాయక తప్పలేదు.

గది పద్నాలుగు. సెక్యూరిటీ హాలంతా జల్లెడ పట్టింది కానీ, అద్దం వెనక దుబాసీ కూర్చునే ఆ చిన్న గదిని ఎవరూ పట్టించుకోలేదు.

ఇంకా పది సెకన్లు.

"గొడుగు మూసెయ్. పద్నాలుగు," అన్నాడు కాలిక్యులేటర్‌లో. అది కరెంటు తీసెయ్యమనే కోడ్. అవతల ఆ భవనంలో ఎలక్ట్రీషియన్ వేషంలో ఉన్న సహచరుడు ఆ గది ఫ్యూజు పీకిన చప్పుడు వినిపించింది. పదకొండయింది. ఏమీ పేలలేదు. కన్సల్టెంట్ నేల మీద కూలబడి ఏడ్చేసింది. పెన్సిల్ మాత్రం చెకర్ ఖాళీ కుర్చీ వైపు చూడలేక తల తిప్పుకున్నాడు.

మధ్యాహ్నం అక్క ఫోన్ చేసింది.

"సరిగ్గా మాట్లాడబోయే టైముకి మా గదిలో కరెంటు పోయిందిరా. ఇంత పెద్ద బిల్డింగ్ గీశారు, ఒక్క లైటు సరిగ్గా చూసుకోలేరా మీవాళ్ళు?"

"నేనే సరిగ్గా చూడలేదక్కా."

ఆవిడ పడీపడీ నవ్వింది. నెల రోజుల ఆ ఉద్యోగంలో అతను చెప్పిన నిజం అదొక్కటే.