కత్తెర లేని టైలరు

అమ్మ కత్తెరల్ని పాత గుడ్డతో తుడిచి ఒక్కొక్కటే బీరువాలో పెడుతోంది. పెద్దది, చిన్నది, కాజాలు కోసే సన్నది. వీధిలో లైట్లు అప్పుడే వెలిగాయి. బీరువాకి తాళం వేసి, తాళంచెవి ఉన్న దారాన్ని మెడలో వేసుకుంది.

ముందుగదిలో మిషను దగ్గర ఆమె కొడుకు బాబిన్‌కి దారం చుట్టుకుంటున్నాడు. కత్తెరలు లోపలికి వెళ్ళడం చూశాడు, చూడనట్టు ఊరుకున్నాడు. రోజూ జరిగేదే.

అప్పుడొచ్చాడు ఒక బస్సు డ్రైవరు, వానలో తడిసి. ఒంటి మీద యూనిఫాం చొక్కాకి జేబు సగం ఊడి వేలాడుతోంది.

"జేబు కుట్టాలండీ."

"రేపు రండి."

"రేపు పొద్దున్నే డ్యూటీ."

"ఇవాళ్టికి కత్తెర లేదు."

డ్రైవరు గదంతా చూశాడు. మిషను, ఇస్త్రీపెట్టె, టేపు, సుద్దముక్క, గోడకి వరసగా కోట్లు.

"కత్తెర లేని టైలరా? స్టీరింగ్ లేకుండా బస్సు నడుపుతానన్నట్టుంది."

"నడపండి. నేనైతే ఎక్కను."

లోపల్నుంచి అమ్మ గొంతు వచ్చింది. "వానలో వచ్చాడు కదరా. సూదితో కుట్టివ్వు."

టైలరు చొక్కా విప్పమన్నాడు. డ్రైవరు విప్పి, బనీనుతో స్టూలు మీద కూర్చున్నాడు. టైలరు అతని వైపు చూడకుండా సూదిలోకి దారం ఎక్కించబోయాడు. మొదటిసారి ఎక్కలేదు. రెండోసారీ ఎక్కలేదు.

"కళ్ళజోడు కూడా లోపల పెట్టారా?" అని అడిగాడు డ్రైవరు.

జేబు కుట్టడం అయ్యాక టైలరు తల వంచి దారాన్ని పంటితో పుటుక్కున తెంపాడు. డ్రైవరు చొక్కా తొడుక్కుని, దారం తెంపినచోట వేలు పెట్టి చూసుకున్నాడు. కుట్టు ఎలా ఉందో చూస్తున్నాడనుకున్నాడు టైలరు.

ఆ తర్వాత డ్రైవరు తరచుగా రావడం మొదలుపెట్టాడు. అతని డ్యూటీ దిగేసరికి వీధి లైట్లు వెలుగుతాయి, కాబట్టి ఎప్పుడొచ్చినా కత్తెర లేని వేళకే వచ్చేవాడు. ప్యాంటు నడుము బిగించమన్నాడు. కొన్నాళ్ళకి అదే ప్యాంటు వదులు చేయమన్నాడు. మళ్ళీ బిగించమని తెచ్చినప్పుడు అమ్మ దాన్ని దీపం దగ్గర పట్టి చూసింది.

"బాబూ, నువ్వు ఇంత తొందరగా లావెక్కి, ఇంత తొందరగా చిక్కిపోతున్నావు. ఎవరికైనా చూపించుకోరాదూ?"

"చూపించుకోవడానికే వస్తున్నానండీ," అన్నాడు డ్రైవరు.

టైలరు సుద్దముక్క కింద పడేసి, వెతుక్కోవడానికి బల్ల కిందకి దూరాడు. చాలాసేపు దొరకలేదు.

ఒకరోజు డ్రైవరు గోళ్ళు తీసుకునే కట్టరు తెచ్చాడు. కొత్తది. "దారం పంటితో తెంపితే పళ్ళరిగిపోతాయి. ఇదుంచుకో."

దాన్ని అమ్మ అందుకుంది. తిప్పి చూసింది, నొక్కి చూసింది, బొటనవేలితో అంచు తడిమింది.

"ఇది ఉండనీలే," అని బల్ల మీద పెట్టింది.

డ్రైవరుకి ఇదేమీ అర్థం కాలేదు. కత్తెరలు అరిగిపోతాయని పెద్దావిడ దాచుకుంటుందనుకున్నాడు, టైలరుతోనూ అలాగే అన్నాడు. పిసినారితనం అనుకుని ఇష్టపడ్డాడు కూడా, వాళ్ళమ్మా అంతే కాబట్టి.

"ఎన్నాళ్ళని ఏమండీ ఏమండీ అంటావు," అంది అమ్మ ఆరోజే. "పిన్నీ అని పిలువు."

డ్రైవరు ఆలోచించాడు. "పిన్నీ అంటే మీ అబ్బాయి నాకు తమ్ముడవుతాడండీ."

"అయితే ఏం?"

"అది వద్దు."

"మరేమంటావు?"

"అత్తయ్యా అంటాను."

మిషను కాసేపు ఆగింది. మళ్ళీ గుడ్డ లేకుండానే తిరిగింది. అమ్మ టీ పెట్టడానికి లేచింది. ఆ రోజు డ్రైవరుకిచ్చిన టీలో పంచదార కొంచెం ఎక్కువైంది.

రెండేళ్ళ కిందట ఈ ఇంట్లో నవ్వు లేదు. సంబంధాలు చూస్తామన్నప్పుడు, తనకి ఆడవాళ్ళ మీదకి మనసు పోదని కొడుకు తల్లితో చెప్పాడు. మేనమామ ఒక మనిషి దగ్గరికి తీసుకెళ్ళాడు. అలాంటివాళ్ళని మారుస్తానని చెప్పే మనిషి. తల్లి నమ్మి పంపింది. కొన్ని నెలలకి కొడుకు మారలేదు గాని, తిండి మానేశాడు, మాట మానేశాడు. ఒక సాయంత్రం తనకి బతకాలని లేదని తల్లితో అన్నాడు. అలా అనగలగడమే అదృష్టమని తర్వాత మానసిక వైద్యురాలు చెప్పింది.

"మగవాణ్ణి ఇష్టపడటం జబ్బు కాదమ్మా," అంది ఆ డాక్టరు. "అది జబ్బని నమ్మించారు చూశారా, దానివల్ల వచ్చిన దిగులు జబ్బు. దానికి మందుంది."

మందు పనిచేసింది, మాటలూ పనిచేశాయి. కొడుకు కోలుకున్నాడు. అమ్మ కోలుకోలేదు. చీకటి పడితే పదునైనవి అందకుండా పెట్టమని డాక్టరు మొదట్లో చెప్పింది. ఇక అక్కర్లేదని తర్వాత చెప్పింది. ఆ రెండో మాట అమ్మ చెవికెక్కలేదు. కొడుకుని ఇంట్లో ఒంటరిగా వదిలి ఆమె పక్క వీధిలో ఉన్న అక్క ఇంటికి కూడా వెళ్ళలేదు. అక్క కోసం కుట్టించిన దిండు గలీబులు సంచిలో మేకుకి వేలాడుతూనే ఉన్నాయి. అక్క ఫోన్ చేసినప్పుడల్లా "వస్తాలే" అంటుంది.

డ్రైవరు ఒక సాయంత్రం టైలరుని తన బస్సులో ఒక ట్రిప్పు రమ్మన్నాడు.

"అటు వెళ్ళి ఇటు తిరిగొస్తుంది అత్తయ్యా. ఎక్కిన స్టాపులోనే దింపుతాను."

"నేను స్టాపులోనే ఉంటాను," అంది అమ్మ, గొడుగు తీసుకుని.

వానకి బస్సు ఖాళీగా ఉంది. టైలరు డ్రైవరు వెనక సీట్లో కూర్చున్నాడు. ప్రయాణికుల్ని చూసుకోవడానికి డ్రైవరు తల మీద ఒక అద్దం ఉంది. ఉన్న ప్రయాణికుడు ఒక్కడే. డ్రైవరు అతన్ని చాలా బాధ్యతగా చూసుకుంటున్నాడు.

"రోడ్డు చూడు," అన్నాడు టైలరు.

"రోడ్డు రోజూ చూస్తాను."

చివరి స్టాపులో డ్రైవరు ఇంజను ఆపి, వెనక్కి తిరిగి కూర్చున్నాడు.

"నువ్వంటే నాకిష్టం. అది నీకు తెలుసు, మీ అమ్మకి తెలుసు, మా డిపోలో సగంమందికి తెలుసు. తెలియనిది ఒకటి చెప్పాలి. నాకు హెచ్‌ఐవి ఉంది. రోజూ మాత్ర వేసుకుంటాను. రక్తంలో వైరస్ పరీక్షకి దొరకనంత తగ్గింది. అలా ఉన్నంతకాలం నాతో పడుకున్నవాళ్ళకి అంటదు. నా మాట నమ్మక్కర్లేదు, కావాలంటే ఇద్దరం కలిసి డాక్టర్ని అడుగుదాం. నువ్వూ ఒకసారి పరీక్ష చేయించుకో. అది ఎవరైనా చేయించుకోవాల్సిందే."

వాతావరణం గురించి చెప్పినట్టు చెప్పాడు. చేతులు మాత్రం ఒళ్ళో ఒకదాన్నొకటి పట్టుకుని ఉన్నాయి.

టైలరుకి భయం వేసింది. హెచ్‌ఐవి అంటే కాదు. ఇతను ఇంత పెద్ద మాట ఇంత సూటిగా చెప్పేశాడు. ఇప్పుడు తన వంతు. కత్తెరలు ఎందుకు లోపలికి వెళ్తాయో చెప్పాలి. చెబితే ఇతను కూడా అమ్మలాగే చూస్తాడు. గోళ్ళ కట్టరు కూడా తిరిగి పట్టుకెళ్ళిపోతాడు.

నోరు తెరిచాడు. మాట రాలేదు.

డ్రైవరు ఒళ్ళో చేతులు విడదీసుకున్నాడు. తర్వాత ముందుకి తిరిగి ఇంజను స్టార్ట్ చేశాడు.

"పర్లేదు, అర్థమైంది," అన్నాడు.

తిరుగుదారిలో ఒక్కసారి కూడా అద్దంలోకి చూడలేదు. స్టాపులో అమ్మ గొడుగు పట్టుకుని నిలబడి ఉంది.

"దిగండి," అన్నాడు డ్రైవరు. నువ్వు మళ్ళీ మీరైపోయింది.

ఆ తర్వాత అతను రాలేదు. అతని ప్యాంటు మడత పెట్టి ఉంది, బిగించాలో వదులు చేయాలో చెప్పకుండానే. టైలరు అన్నం కెలికి లేచిపోసాగాడు. ఒకరి కోటుకి ఎడమ చెయ్యి కుడివైపు కుట్టి, మళ్ళీ విప్పాడు.

అమ్మ గమనిస్తూనే ఉంది. ఒక ఉదయం బీరువా తెరవలేదు.

"అమ్మా, కత్తెర."

"ఇవాళ షాపు వద్దులే."

అతను ఆమె ముఖం చూసి విషయం అర్థం చేసుకున్నాడు. ఎదురుగా కింద కూర్చున్నాడు.

"ఇది ఆ దిగులు కాదమ్మా. ఇది మామూలు బాధ. అందరికీ వచ్చేదే."

"నాకెలా తెలుస్తుందిరా?"

"అప్పుడు నాకేదీ వద్దనిపించేది," అన్నాడు ఆలోచించి. "ఇప్పుడు ఒకటి కావాలి. అదే బాధ. నీకు అనుమానంగా ఉంటే డాక్టరుకి నేనే ఫోన్ చేస్తాను, నువ్వూ విను."

ఫోన్ చేశాడు. ఆమె విన్నది. డాక్టరు కొన్ని ప్రశ్నలడిగి, మందు ఆపకుండా వేసుకుంటున్నావు కదా అని అడిగి, మళ్ళీ వారం వచ్చి కనపడమంది. చివర్లో, "నువ్వు మాట్లాడాల్సింది నాతో కాదు, ఆ డ్రైవరుతో," అంది.

ఫోన్ పెట్టాక అమ్మ అడిగింది. "ఇంతకీ ఏమన్నాడు?"

చెప్పాడు. మాత్ర సంగతి, పరీక్ష సంగతి అన్నీ. తను నోరు మెదపలేకపోవడం కూడా.

అమ్మ చాలాసేపు మెడలో దారాన్ని వేలికి చుట్టి విప్పుతూ ఉండిపోయింది.

"వాడు చొక్కా విప్పి చూపిస్తే, నువ్వు కోటు బొత్తాలు పెట్టుకుని కూర్చున్నావట్రా?" అంది. "లే. ఆ ప్యాంటు ఇచ్చిరా."

ఆ సమయంలో బస్సు నిండుగా ఉంది. టైలరు ప్యాంటు చంకలో పెట్టుకుని జనాన్ని తోసుకుంటూ డ్రైవరు పక్కకి చేరాడు.

"నీతో మాట్లాడాలి."

డ్రైవరు తల తిప్పకుండా ఎదురుగా ఉన్న బోర్డు చూపించాడు. బస్సు కదులుతుండగా డ్రైవరుతో మాట్లాడరాదు.

సరే, టైలరు బస్సు ఆగేదాకా ఆగాడు. స్టాపులో అందరూ ఎక్కుతుంటే అన్నాడు: "కత్తెరలు అరుగుతాయని దాచడం లేదు మా అమ్మ."

తలుపు మూసుకుంది. బస్సు కదిలింది.

తర్వాతి స్టాపు. "ఒకప్పుడు నాకు బతకాలనిపించలేదు. అందుకు దాచింది."

డ్రైవరు చెయ్యి గేరు మీదకి వెళ్ళి ఆగిపోయింది. వెనక ఎవరో హారన్ కొట్టారు. బస్సు కదిలింది.

సిగ్నల్ దగ్గర: "ఇప్పుడు బాగున్నాను. మందు వేసుకుంటున్నాను. మళ్ళీ రాదని మాటివ్వలేను. వస్తే చెబుతానని మాత్రం మాటిస్తాను."

ముందు సీట్లో కూరగాయల సంచితో కూర్చున్న ముసలావిడ ఇద్దర్నీ మార్చి మార్చి చూస్తోంది. పచ్చలైటు పడగానే నిట్టూర్చింది. "ఈ సిగ్నల్ ఎప్పుడూ ఇంతే. మాట మధ్యలో వదిలేస్తుంది."

మరో స్టాపులో డ్రైవరు మొదటిసారి నోరు విప్పాడు. "నా సంగతి విని భయపడ్డావనుకున్నాను."

"నా సంగతి విని నువ్వు భయపడతావనుకున్నాను."

"భయం వేసింది," అన్నాడు డ్రైవరు. "ఇప్పుడే. కొంచెం. అది పోదనుకుంటాను."

"పోకపోయినా ఫర్వాలేదు. తాళం మాత్రం వెయ్యకు."

బస్సు కదిలింది. డ్రైవరు అద్దంలోకి చూశాడు.

"రోడ్డు చూడు నాయనా," అంది ముసలావిడ. "అబ్బాయి ఎక్కడికీ పోడు."

ఆ సాయంత్రం డ్యూటీ దిగి డ్రైవరు టైలరు ఇంటికి వచ్చాడు. స్టూలు మీద కూర్చున్నాడు. ఇద్దరి మధ్యా ఆ ప్యాంటు ఉంది.

"బిగించనా, వదులు చెయ్యనా?"

"నీ ఇష్టం. ఆసుపత్రికి ఎప్పుడు వెళ్దాం?"

"సోమవారం. నీ డాక్టరు దగ్గరికి ముందు, నా డాక్టరు దగ్గరికి తర్వాత."

"ఆ రోజు నేను సెలవు పెడితే బస్సు ఎవరు నడుపుతారు?"

"స్టీరింగ్ లేకుండా నడిపేవాళ్ళు ఎవరో ఉంటారులే."

అమ్మ లోపలి గుమ్మంలో నిలబడి వింటోంది. బయట సన్నగా వాన. వీధి లైట్లు ఒకదాని తర్వాత ఒకటి వెలిగాయి. ఆమె అలవాటుగా పాత గుడ్డ తీసుకుని బల్ల దగ్గరికి వచ్చింది. టైలరు మాట ఆపేశాడు. డ్రైవరు కూడా ఆపేశాడు. ఈసారి అతనికి తెలుసు.

ఆమె పెద్ద కత్తెర అందుకుని తుడిచింది. చిన్నది తుడిచింది. సన్నది తుడిచింది. మూడింటినీ చేతిలో పట్టుకుని కొడుకుని చూసింది, స్టూలు మీద ఉన్న మనిషిని చూసింది.

మళ్ళీ బల్ల మీద పెట్టేసింది, గోళ్ళ కట్టరు పక్కనే.

మెడలోంచి దారం తీసి, తాళంచెవిని మేకుకి తగిలించింది. అదే మేకుకి ఉన్న సంచి తీసుకుంది, అక్క దిండు గలీబులవి. దుమ్ము దులిపింది. చెప్పులు తొడుక్కుంది. గొడుగు విప్పి, తలుపు దగ్గరగా వేసి, ఏమీ చెప్పకుండా వీధిలోకి వెళ్ళిపోయింది.